బోడి అక్షరాలు

"పేజీకి పైనే పెట్టాలి. ఎర్రగా పెట్టాలి. 'ఈ తప్పు మాది' అని రాయాలి!"

"రదోయ్కా గారూ, ఉదాహరణలో ఒక్క మాట తీసేస్తే పోయేదానికి ఊరంతా డప్పు కొట్టాలా?"

"తీసేస్తే నీ తలనొప్పి పోతుంది స్త్రహిన్యా. జివ్కా బస్సు వెనక్కొస్తుందా?"

వేడి లెపిన్యా రొట్టె చేత్తో పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాను. ఇన్నాళ్లలో రదోయ్కా పిన్ని గొంతు పెంచగా నేను వినలేదు. అరవాల్సొస్తే కళ్లజోడు తీసి తుడుచుకుంటుంది, అంతే. ఆ రోజు కళ్లజోడు బల్లమీద పడుంది, స్త్రహిన్యా మా యజమానన్న సంగతి కూడా ఆవిడకి గుర్తున్నట్టు లేదు.

ఆవిడ నాకు పిన్నేం కాదు. ఆఫీసులో అందరం అలాగే పిలుస్తాం. ఉజిత్సె ఊళ్లో ఓ అచ్చాఫీసులో తప్పులు దిద్దుతూ సగం వయసు గడిపింది. అది మూతపడ్డాక మా దగ్గరికొచ్చింది. మేం చేసే సాధనం ఒకటే పని చేస్తుంది: సోషల్ మీడియాలో ఏదైనా పోస్టు కింద జనం రాసిన కామెంట్లు లాగి ఏఐ ఏజెంట్ల చేతికిస్తుంది, అంటే మనిషి బదులు తామే చదివి పని చక్కబెట్టే ప్రోగ్రాములకి. ఆ సాధనాన్ని ఏం అడగాలి, ఎలా అడగాలి, అడిగితే ఏమొస్తుంది అనేవి ఉదాహరణలతో రాసిపెట్టడం పిన్ని ఉద్యోగం. చదువు మధ్యలో వదిలేసి వచ్చిన నాకు ఆ పేజీలు చదివాకే మేం ఏం తయారు చేస్తున్నామో అర్థమైంది.

పిన్నికి ఒకటే పిచ్చి. మా సెర్బియన్ భాషకి రెండు లిపులు: రష్యన్‌లాంటి సిరిలిక్, ఇంగ్లీషులాంటి లాటిన్. సిరిలిక్ రాస్తే ఆవిడ మొహం వెలిగిపోతుంది. లాటిన్ రాస్తే సర్దుకుంటుంది. కానీ ఫోన్లలో మేమంతా లాటిన్ అక్షరాల నెత్తిమీది గుర్తులు కూడా ఎగరగొట్టేసి రాస్తాం. ఆ బోడి అక్షరాలంటే ఆవిడకి ఒళ్లు మంట. గుర్తు పోతే 'కుచా' కాస్తా 'కుత్సా' అవుతుంది, ఇల్లు కాస్తా కుక్కపిల్ల అయిపోతుంది. "కుక్కపిల్లకి చేరాను" అని జివ్కా మెసేజ్ పెడితే, "దానికి పాలు పొయ్యి" అని ఈవిడ జవాబు.

జివ్కా ఆవిడ కూమ, అంటే పెళ్లిలో పక్కన సాక్షిగా నిలబడ్డ మనిషి. మా దగ్గర ఆ వరస తోబుట్టువు కన్నా ఎక్కువ. జివ్కా కొండమీది పేటలో ఒంటరిగా ఉంటుంది. రోజు విడిచి రోజు డయాలసిస్‌కి బస్సులోనే దిగొస్తుంది.

ఆ పొద్దున జివ్కా ఫోన్ చేసింది. పిన్ని స్పీకర్ నొక్కింది.

"సోమవారం నించి మా బస్సు తీసేస్తున్నారే! ఇవాళ మధ్యాహ్నం మీటింగులో సంతకాలట."

"వద్దని చెప్పలేదా?"

"ఎందుకు చెప్పలేదే? బస్సుల ఆఫీసు వాళ్ల పోస్టు కిందే రాశాను. పేటంతా రాసింది. ఆఫీసుకి ఫోన్ చేస్తే ఆ పిల్ల ఏమందో తెలుసా? కామెంట్లన్నీ ఏజెంటు చదివిందట, ఎవరూ కాదనలేదట. నేను బతికున్నానా చచ్చానా?"

బస్సుల ఆఫీసు వాడేది మా సాధనమే. పిన్ని నా వైపు తిరిగి, "ఒగ్నెన్, నా పేజీలో ఉన్నది ఉన్నట్టు నడిపించు" అంది.

నడిపించాను. నాలుగే కామెంట్లొచ్చాయి. బస్సుల కొత్త రంగు బాగుందట, డ్రైవర్లు మర్యాదస్తులట. అన్నీ చక్కటి సిరిలిక్‌లో.

పిన్ని ముందుకి వంగింది. ఉదాహరణలో ఒక చోట వేలు పెట్టింది: 'లిపి: సిరిలిక్'. అంటే సిరిలిక్‌లో రాసినవి మాత్రమే లాగమని. "ఇది తీసి నడిపించు."

తీశాను. తెర పారుతూనే ఉంది. వద్దు, తీయొద్దు, మా అమ్మ ఎలా దిగుతుంది, పిల్లలు బడికెలా పోతారు. తిట్లు, శాపాలు, బతిమాలడాలు. పేటకి పేట బోడి అక్షరాల్లో గగ్గోలు పెట్టింది, ఒక్కటీ లోపలికి పోలేదు.

"ఆ మాట అక్కడెందుకు పెట్టావు పిన్నీ?"

"ఉదాహరణ అందంగా ఉంటుందని." ఆవిడ కళ్లజోడు తీసి బల్లమీద పడేసింది. "మనిషైతే ఉదాహరణని ఉదాహరణలా చూస్తాడు కదరా. తనకేం కావాలో మార్చుకుంటాడు."

కానీ ఆ పేజీని చదివింది మనిషి కాదు. ఏజెంటు చదివింది. అక్షరం మార్చకుండా అలాగే దించుకుంది. తప్పులు దిద్దడమే బతుకైన మనిషిని అంత శ్రద్ధగా చదివిన పాఠకుడు అదొక్కటే అయ్యుంటుంది.

నేను రొట్టె కోసం కిందికెళ్లొచ్చేసరికి ఈ గొడవ. స్త్రహిన్యా చెడ్డవాడు కాదు, పిరికివాడు. "సోమవారం వాళ్లకి మెయిల్ పెడదాం, నిదానంగా చూసుకుంటారు" అన్నాడు.

"సంతకాలు ఇవాళ!" అంది పిన్ని.

"మనమే తప్పు చేశామని మనమే వెళ్లి చెబితే రేపు మన మొహం ఎవడు చూస్తాడు?"

"నా మొహం నా కూమ చూడాలి. మిగతావాళ్ల సంగతి నువ్వు చూసుకో."

ఆ మాటకి స్త్రహిన్యా కాఫీ కప్పు తీసుకుని లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. పిన్ని ప్రింటర్ నొక్కింది. అది దగ్గుకుంటూ కామెంట్లన్నీ కక్కింది. ఆవిడ కాగితాలు సర్ది, పైనున్నదాని మీద కళ్లు నిలిపింది. జివ్కాదే. 'బస్సు తీసేస్తే నేను కుక్కపిల్లలోనే చస్తాను' అనుంది.

నాకు నవ్వు రాలేదు. పిన్ని చెయ్యి అలవాటుగా జేబులో పెన్ను దాకా వెళ్లి ఆగింది. కాగితాలన్నీ నా చేతిలో పెట్టింది.

"మీటింగుకి నాతో రారా ఒగ్నెన్. నేను చదివితే దిద్దేస్తాను. నువ్వు చదువు, ఎలా రాశారో అలాగే."