ఎలుక కొరికిన టేపు

మా మేనమామ మ్వొలోలోకి కొలత పిచ్చి. మచాకోస్‌లో దర్జీ ఒకడు పారేసిన గుడ్డ టేపు ఎప్పుడూ ఆయన మెడలో వేలాడుతూ ఉండేది. మేక చెవి, ముద్ద గిన్నె, పక్కింటివాళ్ల గోడ, నిద్రపోతున్న వాళ్ల కాళ్లు, ఏదీ వదిలేవాడు కాదు. కొలిస్తే కొలిచాడు, అందులో వింతేముంది అంటారా? ఆయన కొలిస్తే వస్తువు పెరిగేది.

మామ పనిచేసే వేట శిబిరంలో వంటవాడు ములీ బాగా పొట్టి. మామ ఒకరోజు అతన్ని చెట్టుకు ఆనించి నిలబెట్టి కొలిచి, ఐదడుగుల ఐదంగుళాలని తేల్చాడు. ఆ రోజు నుంచి ములీ గుమ్మం కనబడితే చాలు తల వంచి లోపలికి వెళ్లేవాడు. ఆ గుమ్మానికీ అతని తలకీ మధ్య ఇంకో ములీ పట్టేంత చోటుండేది.

మా అత్త ఒకసారి సరదాపడి నడుము కొలిపించుకుంది. తర్వాత రెండు రోజులు మామతో మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడింది గానీ, అవి రాయదగ్గ మాటలు కావు. ఒకప్పుడు తన మొగుడి కొలత గీత గీసినట్టు ఉండేదనీ, మూడేళ్ల నుంచే ఆయన బుర్ర చెడిందనీ ఆమె అందరికీ చెప్పుకుని బాధపడేది.

బయటి దొరల్ని వేటకి తిప్పే వేట దొర హాల్వర్సన్ దగ్గర మామ జాడలు తీసేవాళ్లకి పెద్ద. నేల మీద గడ్డిపరక వంగిన తీరు చూసి, దున్న ఎప్పుడు వెళ్లిందో, కడుపు నిండి వెళ్లిందో ఖాళీగా వెళ్లిందో చెప్పేవాడు. వేటలో పడ్డ జంతువు కొమ్ములు కొలిచేదీ ఆయనే. ఆ రోజుల్లో ఇంగ్లండు దొరలు ఇంట్లో గోడ మీద ఇంత చోటని ఖాళీ పెట్టుకుని మరీ మా ఆఫ్రికా వచ్చేవాళ్లు. ఆ చోటుకు సరిపడే కొమ్ములు దొరికేదాకా అడవి వదిలేవాళ్లు కాదు. వేట దొర పెట్టెలో ఇనప టేపు ఒకటి ఉండేది గానీ, ఎవరైనా అడిగితే అది తుప్పు పట్టిందనేవాడు. అందుకని మామ టేపు చెప్పిందే ఆఖరు మాట.

ఆ ఏడు కల్నల్ పెన్‌హాలో భార్యతో సహా వచ్చాడు. దొరసానికి తోడుగా ఒక ఆడపిల్ల కావాలన్నారు. మిషన్ బడిలో మూడో తరగతి దాకా చదివాను కనక నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు. నాన్న పోయాక బడి మాని కుట్టుపని పట్టాను కనక సూదీ దారం వచ్చు. మామ నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. నేను ఎవరి మొహమూ చూసి మాట్లాడలేను. తల దించుకుంటాను. అందువల్ల నాకు మనుషుల మొహాలకంటే చేతులు బాగా తెలుసు.

చ్యూలు కొండల కింద గుడారాలు వేశాం. కల్నల్‌కి అడవిదున్న కావాలి. అతని క్లబ్బులో ఎవరో స్నేహితుడికి నలభైనాలుగు అంగుళాల కొమ్ములున్నాయట. కాబట్టి ఇతనికి నలభైఅయిదు కావాలి. అంతకు ఒక్క అంగుళం తక్కువైనా ఇంటికి వెళ్లేది లేదని మొదటిరోజే టీ తాగుతూ చెప్పేశాడు.

మొదటి దున్న పడింది. మామ టేపు నలభైరెండు చూపించింది. కల్నల్ మొహం చింతకాయ కొరికినట్టయింది.

"దున్న చిన్నది కాదు దొరా," అన్నాడు మామ. "మీ గోడే పెద్దది."

వేట దొర దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు. కల్నల్ మాత్రం మర్నాడు మళ్లీ తుపాకీ తీశాడు. ఈసారి గుండు సరిగ్గా తగల్లేదు. దెబ్బతిన్న దున్న ముళ్లపొదలోకి దూరింది.

దెబ్బతిన్న దున్న పొదలోకి వెళ్తే జాడ తీసేవాడు ముందు నడవాలి. తుపాకీ వెనక వస్తుంది. ఆ జట్టులో ముందు నడిచేది మా అన్న ఎంబీథి. మూడేళ్ల క్రితం మా నాన్న అలాగే నడిచాడు. ఎవరో దొర ఇంకో రెండంగుళాలు కావాలంటే మూడో దున్న వెనక వెళ్లి తిరిగి రాలేదు. ఆ రోజు ఒక్కరోజే మామ దేన్నీ కొలవలేదు.

అన్న పొదలోంచి బయటికి వచ్చాడు. చొక్కా సగం లోపలే ఉండిపోయింది. మిగతా మనిషి మాత్రం పూర్తిగా వచ్చాడు. వెనకే వేట దొర వచ్చి దున్న పడిందన్నాడు. "చొక్కా ఎక్కడరా?" అని ములీ అడిగితే, దున్నకి సరిపోతుందేమోనని వేసి చూశానన్నాడు మా అన్న. అతని చేతులు మాత్రం లేని గుండీలు పెట్టుకోబోతున్నాయి. నేను చూశాను.

మామ కొమ్ముల దగ్గర గొంతుక్కూర్చుని టేపు పరిచాడు. నడిమధ్య బొటనవేలు ఆనించి పట్టుకున్నాడు. ఎప్పుడూ అలాగే పట్టుకునేవాడు. చివర నలభైఅయిదు వచ్చింది. కూలీలందరూ కేక పెట్టారు. కల్నల్ టోపీ ఎగరేశాడు. అప్పుడు మామ బొటనవేలు కాస్త జరిగింది. దాని కింద నల్లదారం కుట్టు కనబడింది. ఆ కుట్టు నాదే.

నాన్న పోయిన నెలకి మామ టేపును రెండు ముక్కలుగా తెచ్చి, ఎలుక కొరికిందనీ కలిపి కుట్టమనీ ఇచ్చాడు. అంత తిన్నగా కొరికే ఎలుకను నేను అప్పటిదాకా చూడలేదు. ఇరవై తర్వాత ఇరవైనాలుగు వస్తోంది మామా, అని చెబుదామనుకున్నాను. సిగ్గేసి చెప్పలేదు. మూడేళ్లకి ఇప్పుడు అర్థమైంది. నలభైఅయిదు కావాలన్న ప్రతి దొరనూ మామ నలభైరెండుతో ఇంటికి పంపేస్తున్నాడు. ఆ మూడంగుళాల కోసం మనుషులు పొదల్లోకి వెళ్లకుండా ఆ ఎలుకే కాపలా కాస్తోంది.

ఇంతలో పెన్‌హాలో దొరసాని చల్లగా ఒక మాట అంది. మొదటి దున్న కొమ్ములూ ఇంతే ఉన్నట్టున్నాయి కదా అని. తన కుట్టుపెట్టెలో మంచి టేపు ఉందనీ, నాలుగింటికి టీ తాగాక తనే కొలుస్తాననీ, తక్కువ వస్తే రేపు ఇంకో దున్నను చూసుకోవచ్చనీ అంది. కల్నల్ తల ఊపాడు. మామ మొహంలో ఏమీ కదల్లేదు. కానీ మెడలోని టేపును వేలికి చుట్టి విప్పాడు, చుట్టి విప్పాడు. మా అన్న వంటిమీద మిగిలిన అరచొక్కా విప్పి ముళ్లు ఏరుకుంటున్నాడు.

భోజనం కాగానే దొరసాని నిద్రపోయింది. ఆమె మంచం పక్కనే కుట్టుపెట్టె. దాని తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. నా గుండె చప్పుడుకు ఆమె లేస్తుందేమోనని భయపడ్డాను గానీ, ఆమె గురక ముందు నా గుండె ఏపాటిది? కత్తెర తీశాను. ఇరవై దగ్గర ఒక కోత, ఇరవైమూడు దగ్గర ఒక కోత. తెల్లదారం తీసుకుని, కుట్టు మీద కుట్టు పడకుండా, నా జన్మలో కుట్టనంత సన్నగా కుట్టాను. మిగిలిన ముక్క మింగేద్దామా అనుకుని, చివరికి తలగుడ్డలో దాచాను.

టీ అయింది. దొరసాని టేపు తెప్పించుకుంది. మామ ఆకాశం చూస్తూ నిలబడ్డాడు. నేను టేపు మధ్యలో పట్టుకుంటానని ముందుకు వచ్చాను. అంతమంది ఎదుట నేను నోరు విప్పడం అదే మొదటిసారి. దొరసాని చివర పట్టుకుని, కళ్లజోడు సర్దుకుని, వంగి చూసింది.

"నలభైఅయిదు," అంది.

మామ ఆకాశం మీంచి చూపు దింపి నా బొటనవేలు దగ్గర ఆపాడు. తర్వాత కల్నల్ వైపు తిరిగి, "ఒక మాట దొరా. కొమ్ములు ఎండితే ముడుచుకుంటాయి. సముద్రం దాటితే మరీను," అన్నాడు.

"ఎంత ముడుచుకుంటాయి?"

"సముద్రాన్ని బట్టి. రెండు అనుకోండి, మూడు అనుకోండి."

అది తనకు ఎప్పుడో తెలుసన్నట్టు కల్నల్ గంభీరంగా తల ఊపాడు. మర్నాడే గుడారాలు విప్పేశాం. కిబ్వెజీ రైలు స్టేషను దాకా కూలీలు పాడుతూనే నడిచారు. కొమ్ముల ముందు మా అన్న, వాటి వెనక మామ, పెళ్లి ఊరేగింపులా ఉంది. దారిలో ములీ కొమ్మ లేని చోట కూడా తల వంచాడు.

ఒక్కటే తప్పు జరిగింది. గుడారాలు విప్పే ముందే దొరసాని కొత్త గౌను కోసం నడుము కొలుచుకుంది. అప్పటి నుంచి ములీ ఎంత బతిమాలినా తీపి ముట్టలేదు. నాకు ఆమెను చూస్తే జాలేసేది. చెప్పడానికి మాత్రం సిగ్గు అడ్డొచ్చింది. ఆ ఒక్కసారి నా సిగ్గుకు నేనే దండం పెట్టుకున్నాను.

సామాను సర్దుతూ వేట దొర పెట్టె తెరిచాను. తుప్పు పట్టిన ఇనప టేపు అద్దంలా మెరుస్తోంది. మూత పెట్టేశాను.

ఆరు నెలలకి లండన్ నుంచి మామ పేర పార్సెలు వచ్చింది. ఉత్తరం నేనే చదివి వినిపించాను. కొమ్ములు సముద్రం మీద సరిగ్గా మూడంగుళాలు ముడుచుకున్నాయట. ఆఫ్రికాలో ఒక జాడలు తీసేవాడు ఈ సంగతి ముందే చెప్పాడని కల్నల్ క్లబ్బులో అందరికీ చెబుతున్నాడట. స్నేహితుడి నలభైనాలుగు కొలిచింది సముద్రం దాటకముందో దాటాకో ఎవరికీ తెలియదట. దాంతో అతను వాదన మానుకున్నాడట.

పార్సెలులో వెండి డబ్బీ, అందులో కొత్త టేపు. ఒక్క అంగుళం కూడా పోకుండా అరవైకి అరవై ఉన్నాయి. అత్త దాన్ని చూసి, ఇకనైనా ఈ మనిషి నిజం కొలుస్తాడని దేవుడికి దండం పెట్టింది.

మామ టేపును మొదటి నుంచి చివరిదాకా లాగి చూశాడు. ఇరవై దగ్గర ఆగి, విచారంగా తల ఆడించాడు.

"చూశావా స్యోకౌ, ఇంత మంచి టేపు. దీన్ని కూడా ఎలుక కొరికేసింది."

టేపు మీద గీత కూడా లేదు. నేను తల దించుకుని లోపలికి వెళ్లి కత్తెర తెచ్చాను.