నా పేరు చెక్కిన గ్లాసు

ముందే ఒప్పుకుంటాను, నాకు పెంచి చెప్పే జబ్బు ఉంది. ఇరవయ్యేళ్ళుగా వేదికలెక్కి జనాన్ని నవ్వించి బతుకుతున్నవాణ్ణి, ఉన్నది ఉన్నట్టు చెబితే మా ఇంట్లో పిల్లి కూడా చెవి కదల్చదు. కాబట్టి నా మాటల్లో సగం తీసేసి చదువుకోండి. ఈ సగం లెక్క నాకు పుట్టుకతోనే వచ్చింది లెండి.

మొన్న అనంతపురంలో, హాస్టలుకు పోతున్న మా అమ్మాయి కోసం స్టీలు గ్లాసు కొంటే, అంగడాయన చెక్కే మిషను చేతికి తీసుకుని, "పేరు ఏమని ఏయల్ల సార్?" అన్నాడు. ఆ మిషను గుర్రుమనగానే నా పళ్ళు జివ్వుమన్నాయి, నేను తొంభైల చివరికి, పామిడి దగ్గర మా ఊరికి పోయి పడ్డాను.

మా అమ్మది ఊళ్ళో రైతుల ఇల్లు, మా నాయనది ఊరవతల వాడ. వాడవాళ్ళు ఊళ్ళోవాళ్ళ గడప దాటకూడదు, వాళ్ళ గ్లాసు ముట్టకూడదు. మన కాలంవాళ్ళకు ఇంతకంటే విప్పి చెప్పనక్కరలేదు. అలాంటిది వాళ్ళిద్దరూ ఇష్టపడి పెళ్ళి చేసుకున్న రోజు మా ఊళ్ళో చివరిసారి వాన పడిందనీ, ఆ తర్వాతి కరువులన్నిటికీ కారణం నేనేననీ అనేవాళ్ళు. వాడ పిల్లలకు నేను 'ఊరోడు', ఊరి పిల్లలకు 'వాడోడు'. కబడ్డీ ఆడితే గీత మీద నిలబెట్టి రెండు జట్లూ కలిసి నన్నే పట్టేవి.

నాకు పన్నెండేళ్ళప్పుడు అమ్మను కన్న అవ్వ కోపం కాస్త దిగి, విత్తనానికి వేరుశనక్కాయలు ఒలిచే రోజుల్లో నన్ను రానిచ్చింది, అరుగు దాకా. అక్కడ ఆడవాళ్ళు వరసగా కూర్చుని కాయలు ఒలుస్తుంటే నేను సర్పంచి నడక, బస్సు కండక్టరు గొంతు, మా మామ తుమ్ము చేసి చూపించేవాణ్ణి. వాళ్ళ నవ్వులకు కాయలు వాటంతటవే పగిలేవి. అవ్వ మెచ్చి, అనంతపురం పోయినప్పుడు నాకొక స్టీలు గ్లాసు తెచ్చింది. దాని మీద నా పేరు! కదిరిలో నిలబడి చదువుకునేంత పెద్ద అక్షరాలు. లోతు చెప్పాలంటే, బుక్కరాయసముద్రం చెరువు మొత్తం ఒంపినా ఇంకా నాలుగు వేళ్ళు వెలితే.

ఆ ఇంట్లో చెంబుల మీదా బిందెల మీదా అవ్వ పేరే తప్ప మామ పేరు లేదు, మామ కూతురి పేరూ లేదు. నా పేరుంది! గ్లాసు అరుగు గూట్లోనే ఉండేది, నాకు అందుబాటుగా పెట్టిందనుకున్నాను. తాగాక నేనే కడిగి బోర్లించేవాణ్ణి, బుద్ధిమంతుణ్ణి కదా అనుకున్నాను. పరుగెత్తుకుంటూ పోయి ఇంట్లో చెబితే నాయన "మంచిదేలేరా" అని బీడీ ముట్టించుకున్నాడు, అమ్మ చేట తీసుకుని లోపలికి పోయింది. నా వైభవం చూసి కుళ్ళుకున్నారనుకున్నాను. ఇంకో నాలుగు రోజులు నవ్విస్తే అవ్వే నా చెయ్యి పట్టుకుని గడప దాటిస్తుందని నా లెక్క.

ఒకరోజు నేను కండక్టరు గొంతు మధ్యలో ఉండగా, మామ కూతురు, ఆరేళ్ళ పాప, దప్పికై నా గ్లాసెత్తి నోటికి పెట్టుకుంది. అత్త చేట వదిలేసి వచ్చి గ్లాసు ఊడబెరికింది.

"ఏమే, కండ్లు కనపడ్లేదా? అది వాని గ్లాసు!"

"బావ గ్లాసే గదమ్మా," అంది పాప.

"బావంట బావ! మీ అవ్వ పేరు ఎందుకు ఏపిచ్చిందనుకుంటివే? మనోళ్ళు ఎవురూ పొరపాటున ముట్టకుండా గదా!"

నవ్వులు ఆగిపోయాయి. కాదంటుందేమోనని అవ్వ వైపు చూశాను. ఆమె చేతిలోని కాయ చిట్లించి, గింజలు గంపలో వేసి, పాపతో మెల్లగా అంది: "బడికి పోతాండావు గదా, పేరు సూసుకోని తాగల్ల పాపా."

ఆ గ్లాసును గిరగిరా తిప్పి విసిరితే పోయి పెన్నలో పడిందనీ, ఎండిన ఏట్లో మూడు రోజులు నీళ్ళు పారాయనీ వేదికల మీద చెబుతుంటాను, చప్పట్లు బాగానే పడతాయి. నేను సందు మలుపు తిరిగేసరికి అవ్వ వెనకనే వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ నిలబడింది. ఆ ఏడుపు చూసే ఆమెను క్షమించాను.

ఇప్పుడా ఇంటికి అరుగూ లేదు, గూడూ లేదు. కాయలు మిషను ఒలుస్తుంది. బస్టాండులో అందరికీ కాగితం గ్లాసులే, తాగి నలిపి పారేస్తాం. మనుషులు మాన్పించలేనిదాన్ని కాగితం మాన్పించిందో, లేక కళ్ళకు కనబడకుండా దాచిపెట్టిందో నాకు తెలియదు. నా పేరు గోడల మీద పోస్టర్లలో పెద్దగా వేస్తారు. చూసినప్పుడల్లా, ఎవరూ ముట్టకుండా ఉండటానికి వేశారేమోనని ఒక క్షణం అనుమానం వస్తుంది.

అంగడాయన ఇంకా మిషను పట్టుకునే ఉన్నాడు.

"పేరు వద్దప్పా," అన్నాను.

"వద్దా? హాస్టల్లో ఒకరిదొకరిది కలిసిపోతాది సార్!"

"కలిసిపోనీలే."

సగం తీసేయమన్నాను కదా. చెరువునూ పెన్ననూ మీరు ఎప్పుడో తీసేసి ఉంటారు. మీరు నమ్మేలా కల్పించింది ఒక్కటే. అవ్వ ఏడవలేదు. అసలు కాయల ముందు నుంచి లేవనే లేదు. నేనూ ఎక్కడికీ పోలేదు. ఆ గ్లాసు కడిగి, గూట్లో బోర్లించి, కండక్టరు గొంతు ఎక్కడ ఆపానో అక్కడి నుంచే మళ్ళీ ఎత్తుకున్నాను. అందరూ నవ్వారు. అవ్వ కూడా నవ్వింది.