చెక్‌పోస్ట్ ఎక్కే గేరు

ఆరేళ్లుగా నా ఉద్యోగం ఒక సోఫాలో కూర్చోవడం. ఫిల్మ్ నగర్‌లో రెండో అంతస్తు ఫ్లాటు, ఏసీ కోసం మూసిన కిటికీలు, వాటి మీద ముదురు రంగు కర్టెన్లు. అక్కడ కథా చర్చలకు కూర్చునే నలుగురు సహాయ రచయితల్లో నేనొకణ్ణి. దర్శకుడు లేచేదాకా ఎవరం లేవం. అలాగని ఎవరూ రూలు పెట్టలేదు. బాత్రూముకు వెళ్లాలన్నా ఆయన ఏదో జోకు వేసి నవ్వే సందు చూసుకుని జారుకోవాలి. ఆదివారం కూడా సిట్టింగే. పెళ్లిళ్లకు నా వంతు కూడా మా ఆవిడే వెళ్లొస్తుంది. ఈ ఆరేళ్లలో ‘రేపు రానండీ’ అని నేను నోరు తెరిచి అన్నది ఒక్కసారి కూడా లేదు. నన్నెవరూ కట్టేయలేదు కాబట్టి కోపమంతా నా మీదే.

ఆ మాట అనడానికి ఒక వంక కావాలనే సైకిల్ కొనాలనుకున్నాను. మామూలు సైకిల్ కాదు, గ్రావెల్ బైక్. తారు రోడ్డు, మట్టి బాట, కంకర, దేని మీదైనా పోతుంది. ఒక ఆదివారం తెల్లవారుతుండగా బయలుదేరి వికారాబాద్ వైపు మట్టిదారుల్లోకి వెళ్లిపోవాలి, ఫోను జేబులో మోగుతూ ఉండాలి. మోగినా తియ్యకూడదు.

గేర్ల సైకిళ్లు బిగించే పెద్దాయన ఒకాయన రహమత్ నగర్‌లో ఉన్నాడు. ఫ్రేమూ చక్రాలూ కుదిరాక, గేర్లు ఎలాంటివి కావాలో మీరే చెప్పాలన్నాడు.

“రోజూ యాడ తొక్కుతరు సార్?”

“వికారాబాద్ అవతల మట్టి రోడ్లండీ,” అన్నాను తడుముకోకుండా. నిజానికి నేను రోజూ తొక్కబోయేది మధురానగర్‌లో మా ఇంటి నుంచి గుట్ట మీది చెక్‌పోస్ట్ కూడలి దాకా ఎత్తు రోడ్డు, అక్కణ్ణుంచి ఆ ఫ్లాటు. ఆ మాట పైకి చెప్పడానికి మనసొప్పలేదు.

ఆయన ఓపిగ్గా వివరించాడు. ముందు పళ్లచక్రం చిన్నదై, వెనకది పెద్దదైతే ఎంత ఎత్తయినా తేలిగ్గా ఎక్కొచ్చు, కాకపోతే కాళ్లు ఎక్కువసార్లు తిప్పాలి. ముందుది పెద్దదైతే చదును రోడ్డు మీద వేగం వస్తుంది, ఎత్తులో మాత్రం ప్రాణం తీస్తుంది. “సోంచాయించుకొని చెప్పుండ్రి, తొందరేం లేదు,” అన్నాడు.

ఆలోచించుకోవడమంటే మాకు తెలిసింది ఒకటే, సిట్టింగులో పెట్టడం. మర్నాడు టీ తాగేటప్పుడు ఫోనులో బొమ్మలు చూపించాను. ముందు నలభై పళ్లదా, నలభై ఆరు పళ్లదా? అరగంట వాదించుకున్నారు. వాళ్లలో ఒక్కరికీ సైకిల్ లేదు. చివరికి దర్శకుడు కళ్లు మూసుకుని, షాటు చూస్తున్నట్టు మొహం పెట్టి చెప్పాడు.

“చిన్నది పెడితే కాళ్లు గిరగిరా తిరుగుతాయి, బండి మాత్రం కదలదు. కమెడియన్ తొక్కినట్టుంటుందయ్యా. హీరో కాలు నిదానంగా తిరగాలి, బండి దూసుకుపోవాలి. పెద్దదే పెట్టించు.”

“కరెక్ట్ సార్!” అని అందరికంటే ముందు అన్నది నేనే. తొక్కాల్సింది నేను, తొక్కుతుంటే చూడ్డానికి ఎలా ఉంటుందో తేల్చింది ఆయన. ఆ తేడా ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే గానీ నా బుర్రకు ఎక్కలేదు. అప్పటికే మెకానిక్‌కు ఫోన్ చేసి చెప్పేశాను, ముందు నలభై ఆరు, వెనక అన్నిటికన్నా పెద్దది ఇరవై ఎనిమిది.

“గది తొక్కనీకి శానా బరువైతది సార్,” అన్నాడు. “సరే, మీ ఇష్టం.”

మొదటిరోజే కృష్ణానగర్ దాటి ఎత్తు మొదలయ్యేసరికి నా పని అయిపోయింది. పెడల్ మీద లేచి నిలబడి తొక్కినా చక్రం కదల్లేదు. దిగి తోసుకుంటూ నడిచాను. షూటింగ్ బండి కోసం నిలబడ్డ జూనియర్ ఆర్టిస్టుల్లో ఒకాయన, “అన్నా, తోసుకపోనీకి గంత మంచి సైకిల్ ఎందుకే?” అన్నాడు. అంతా నవ్వారు. సిట్టింగులో దర్శకుడు ఎలా ఉందని అడిగితే “సూపర్ సార్” అన్నాను.

నెల రోజులు అలాగే తోశాను. పట్టుదలకు పోయి తొక్కినప్పుడల్లా మోకాలు పట్టేసేది. కానీ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ గేరుతో వికారాబాద్ ఎలా వెళ్తానని ప్రతి ఆదివారం నాకు నేను చెప్పుకుని సిట్టింగుకు వెళ్లడం హాయిగానే ఉండేది.

మోకాలు వాచాక మళ్లీ పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన అదే ప్రశ్న అడిగాడు.

“మధురానగర్ నుంచి ఫిల్మ్ నగర్ అండీ. రోజూ అంతే. ఇంకెక్కడికీ వెళ్లను,” అన్నాను. ఇంత చిన్న మాటకే సిగ్గేసింది.

ఆయన తల ఎత్తలేదు. “గీ ముచ్చట ముందుగాల్నే చెప్తే అయిపోతుండె గద సార్! ముందు నలభై పెడత, ఎనకాల నలభై రెండు. చెక్‌పోస్ట్ ఏంది, వికారాబాద్ కాడి అనంతగిరి గుట్ట గూడ కూసునే ఎక్కుతరు. మట్టి మీద గూడ గిదే మంచిగుంటది. ఇగ ఏ ఫికర్ లేదు.”

ఆ ఆదివారం అయిదున్నరకు బయలుదేరాను. సిట్టింగు పదింటికి. రెండు సీసాల నీళ్లు, నాలుగు అరటిపళ్లు పెట్టి, “సాయంత్రం దాకా ఇంటికి రావద్దు,” అని మా ఆవిడ నవ్వింది. ‘ఈ రోజు రానండీ’ అని మెసేజు ముందే టైపు చేసి ఉంచుకున్నాను.

ఎత్తు మొత్తం కూర్చునే ఎక్కాను. కాళ్లు గిరగిరా తిరిగాయి, అచ్చం కమెడియన్‌లాగే. ఎవరూ నవ్వలేదు. చెక్‌పోస్ట్ దగ్గర సిగ్నల్ పడింది. అక్కడ కుడికి తిరిగితే మాదాపూర్ మీదుగా ఊరి బయటకు దారి. మోకాలు నొప్పి లేదు, గేరు బాగుంది, రోడ్డు ఖాళీ. చెప్పుకోవడానికి ఒక్క సాకు మిగల్లేదు. ఆ క్షణంలో నాకు వేసినంత భయం ఎప్పుడూ వెయ్యలేదు. పచ్చ లైటు పడింది. నేను తిరగలేదు.

ఫ్లాటు కింద వాచ్‌మన్ మొహం కడుక్కుంటున్నాడు. “గింత పొద్దుగాల వచ్చిండ్రేంది సార్? ఇంకెవ్వరు రాలే.”

“ఊరికే.”

“సైకిల్ మంచిగెక్కుతుందా?”

“చాలా తేలిగ్గా ఎక్కుతోంది,” అన్నాను.

ఆయన పైకొచ్చి తాళం తీసి వెళ్లిపోయాడు. సోఫాలో నా చోట్లో నేను కూర్చుని అరటిపండు తిన్నాను. పది కావడానికి ఇంకా మూడున్నర గంటలుంది. గదిలో దర్శకుడు లేడు, అడిగేవాళ్లు లేరు, తలుపు తెరిచే ఉంది. నేను లేవలేదు.