నొప్పి పుట్టగానే చెప్పు

మా చిన్న తమ్ముడు పోయాడని తెల్లవారుతుండగా ఆత్మకూరు నుంచి మరదలు ఫోను చేసింది. ఉదయగిరిలో నేను అప్పుడే దీపం వెలిగించాను.

తమ్ముడు ఫ్యాక్టరీలో భద్రత చూసేవాడు. మనుషుల పక్కనే రోబోలు పనిచేసే చోట, ఆ యంత్రం చెయ్యి ఎంత గట్టిగా తగిలితే మనిషికి నొప్పి పుడుతుందో కొలవడం అతని పని. చిన్న పరికరంతో పనివాళ్ల చేతి మీద, కడుపు మీద మెల్లగా నొక్కేవాడు. నొప్పి పుట్టిందన్న చోట ఆపి, అంకె రాసుకునేవాడు. యంత్రం వేగం ఆ అంకెను బట్టే పెట్టేవారు.

ఒకసారి ఆ పరికరం ఇంటికి తెచ్చి నా వేలి మీద పెట్టాడు. నేను పలకలేదు.

"ఏందక్కా, వేలు కందిపోయింది, ఇంకా చెప్పవేంది?"

"ఈ మాత్రానికేనా?" అన్నాను.

"నీ ఓర్పుకో దండం! నువ్వు ఓర్చుకున్న కాడ నేను గీత గీస్తే, రేపు అంత దెబ్బా ఇంకొకరికి తగులుతాది."

ఫ్యాక్టరీలో మగవాళ్లు నాకంటే మొండివాళ్లట. "చీమ కుట్టినట్టుండాది సార్" అని నవ్వేవారట. "పదిమందిలో ఎవుడూ అబ్బా అనడక్కా" అనేవాడు. అందుకే ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి, తలుపు వేసి అడిగేవాడు. ఈమధ్య వచ్చిన కొత్త యంత్రానికి మాత్రం పైవాళ్లు అంత సమయం ఇవ్వలేదు. అందరినీ వరుసలో నిలబెట్టి అడగాల్సి వచ్చింది.

పోయే ముందు రోజు సాయంత్రం కంపెనీ బస్సులోంచి ఫోను చేశాడు.

"కొత్త మిషను చెయ్యి కడుపులో తగిలిందక్కా. ఏం కాలా."

"డాక్టరుకు చూపించినావా?"

"దీనికి డాక్టరేంది!"

వెనక ఎవరో నవ్వారు. తనూ నవ్వాడు. అతను బస్సు దిగి ఒంటరిగా ఉన్నప్పుడు మళ్లీ అడగాల్సింది. అడగలేదు, జపానికి కూర్చున్నాను. లోపల రక్తం కారుతూనే ఉందని తర్వాత డాక్టర్లు చెప్పారు.

పదకొండో రోజు, ఆత్మకూరులో తమ్ముడి ఇంటికి దుత్తలూరు నుంచి ఆ ఫ్యాక్టరీ పనివాడొకడు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కొత్త మిషనుకు లైన్లో నిలబెట్టి అడిగిన పొద్దు మొదట నేనే అక్కా. నొప్పి పుట్టినా లేదన్నా. నా ఎనక అందరూ లేదనే చెప్పినారు. మిషను ఇప్పటికీ అదే స్పీడులో తిరగతా ఉండాది."

కోపం వచ్చింది, దాచను.

"ఆ మాటే పైవాళ్లకు చెప్పు నాయనా," అన్నాను.

"నవ్వుతారక్కా."

"నవ్వనీ."

అతను బయటికి వెళ్లాడు. గేటు దగ్గర నిలబడి కంపెనీకి ఫోను చేశాడు. తర్వాత ఖాళీ చేతిని కడుపు మీద ఆనించి, "సార్, ఇక్కడ," అన్నాడు, ఫోనులో వాళ్లకు కనబడుతుందన్నట్టు.