స్నానానికి ముందు

మా ఎదురింటి పెద్దాయన పోయారు. గురువారం పొద్దున నేను పాలు కాస్తుండగా ఆయన కోడలు వచ్చి గేటు దగ్గరే నిలబడి, "సారూ, మామ లేస్తలేడు" అంది. నిద్రలోనే పోయారు. పోయిన మనిషి గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను, ముందు నా విసుగు కక్కనివ్వండి. ఇన్నేళ్లూ ఆయన నన్ను వేపుకు తిన్నారు.

ఉద్యోగానికని కాకినాడ నుంచి హైదరాబాద్ వచ్చి ఛత్రినాకలో ఇల్లు తీసుకున్న కొత్తలోనే తెలిసింది, బస్తీలో ఎవరు పోయినా ఈయన వెళ్తారని, ఒంటరిగా మాత్రం వెళ్లరని. "నడువు సారు, నలుగురం ఉండాలె" అని నన్ను లాక్కెళ్లేవారు. కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో రిటైరైన మనిషి, తీరికకేం కొదవ! వెళ్లడం సరే, వచ్చాకే అసలు లొల్లి. శ్మశానం నుంచి వచ్చినవాళ్లు స్నానం చేసి ఇంట్లోకి వెళ్లాలా వద్దా? ఈయన చేయరు, మమ్మల్నీ చేయనివ్వరు.

"మంటకాడ ఏమనుకున్నవ్ సారు?" అని గేటుకు అడ్డం నిలబడేవారు. "ఇగ మంచిగుండాలె, వానితోని మాట్లాడాలె అని ఏదో అనుకుంటవు గద. తానం చేస్తే గదంత కొట్టుకపోతది. అనుకున్నది చేసినంకనే నీళ్లు పోసుకో."

శ్మశాన వైరాగ్యం అందరికీ వస్తుంది, పోతుంది. దాన్ని పోనివ్వకుండా పట్టుకుని కూర్చున్న మహానుభావుణ్ణి ఈయన్నే చూశాను. గేటు బయట మెట్టు మీద కూర్చుని, స్పీకర్ పెట్టి మరీ పాత స్నేహితుడికి ఫోన్ చేసేవారు. "ఇంక కోపమున్నదా భాయ్? ఉంటే జల్ది తిట్టు, నేను తానం చేసేదుంది."

ఒకసారైతే శ్మశానం నుంచి నేరుగా లాడ్ బజార్‌కు వెళ్లి భార్యకు రాళ్ల గాజులు తెచ్చారు. పెళ్లయిన కొత్తలో ఇచ్చిన మాటట. ఆవిడ వీధంతా వినేలా అరిచింది. "సావుకు పోయి గాజులు తెస్తవా? నీకేమన్న పిచ్చి లేసిందా?"

"ఆడ కట్టెల మీద పండినోడు గూడ రేపు తెద్దామనే అనుకున్నడే" అన్నారాయన.

ఆవిడ ఆ గాజుల్ని పసుపు నీళ్లలో ముంచి, తిట్టుకుంటూనే తొడుక్కుంది. మళ్లీ తీయగా నేను చూడలేదు.

నాతో ఆయన పేచీ ఒక్కటే. మా అన్నయ్య తన కూతురి పెళ్లికి మమ్మల్ని ఇంటికొచ్చి పిలవలేదు, వాట్సాప్‌లో శుభలేఖ పడేశాడు. నేను వెళ్లలేదు. అప్పట్నుంచి మాటల్లేవు. ఎవరు పోయినా, ఆ గేటు దగ్గర అదే పాట. "అన్నకు ఫోన్ చెయ్ సారు."

"పిలుపంటే ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవాలండీ. మా వైపు మర్యాదలు మీకేం తెలుసు?" అన్నాను ఒకసారి.

"తెల్వదు సారు. రేపు మీ అన్న పోతే గూడ వాట్సాపే వస్తది. గప్పుడు పోతవా, పోవా?"

ఒళ్లు మండిపోయింది. ఆయన్ను తప్పించుకుని లోపలికెళ్లి బకెట్ నీళ్లూ గుమ్మరించుకున్నాను.

గురువారం పాడె లేపే ముందు బంధువులెవరో ఆయన భార్య గాజులు తీయబోయారు. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఇవి సావుకు పోయి తెచ్చినయే. వీటికి కొత్తగ ఏం మైల అంటుతది? ఉండనియ్యుండ్రి."

దహనం ముగించుకుని వచ్చేసరికి మా ఆవిడ గేటు పక్కన వేణ్ణీళ్ల బకెట్ పెట్టింది. "అలా నిలబడ్డారేంటండీ, పోసుకోండి" అంది. గేటుకు అడ్డం ఎవరూ లేరు, హాయిగా పోసుకోవచ్చు. చెంబు ముట్టుకోబుద్ధి కాలేదు. బతికుండగా సాధించింది చాలక చచ్చీ సాధిస్తున్నాడీ మనిషి! అంత కోపం ఆయన మీద నాకెప్పుడూ రాలేదు. అంత బెంగా ఎప్పుడూ కలగలేదు. ఫోన్ తీశాను.

అన్నయ్య వెంటనే ఎత్తాడు. "ఏరా," అన్నాడు. "ఎవరు పోయారు?"

"మా ఎదురింటాయన. నీకు తెలియదులే" అన్నాను. ఆ తర్వాత కూడా ఎవరమూ ఫోన్ పెట్టేయలేదు. ఎదురు గుమ్మంలో ఆవిడ గాజుల చేతులు ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తోంది. మా బకెట్లో నీళ్లు చల్లారిపోతున్నాయి.