ఎవరి తమ్ముడో

ఐర్లండ్‌లో ఎక్కడ చూసినా కొత్త భవనాలు కట్టే క్రేన్లు కనబడే రోజులవి. ట్రాలీ అనే ఊరి నుంచి కార్క్ నగరానికి వెళ్లే బస్సులో నా పక్కన ఒక ఐరిష్ పెద్దాయన కూర్చున్నాడు. ఇస్త్రీ చేసిన కోటు, టై చూసి పెళ్లికి వెళ్తున్నాడనుకున్నాను. జంతికల పొట్లం విప్పి ఆయన ముందు పెట్టాను.

"ఇప్పుడొద్దమ్మా. ఆస్పత్రిలో నా నోట్లో దూదిపుల్ల తిప్పి పరీక్షకు తీసుకుంటారు. అప్పటిదాకా ఏమీ తినొద్దన్నారు," అన్నాడు.

ఏం పరీక్షని అడిగాను. ఆయన తమ్ముడు వయసులో ఉండగా చేపల పడవలో వెళ్లి తిరిగి రాలేదట. ఈమధ్య సముద్రపు ఒడ్డున ఇసుకలో ఎముకలు బయటపడ్డాయట. అవి తమ్ముడివో కాదో ఈయన డీఎన్ఏతో పోల్చి చెబుతారట.

"వాడు నాకంటే అందగాడు. డాన్సుకెళ్తే అమ్మాయిలంతా వాడి చుట్టే," అని నవ్వి, కిటికీ వైపు తిరిగాడు.

కొన్ని జంతికలు కాగితంలో చుట్టి, పరీక్షయ్యాక తినండని చేతిలో పెట్టాను. "గ్రాండ్," అని అక్కడివాళ్ల మాటలో సరేనంటూ జేబులో భద్రంగా దాచుకున్నాడు.

ఆ పరీక్షలో ఏం తేలిందో నాకు తెలియలేదు. కార్క్‌లో దిగేముందు మాత్రం ఉండబట్టలేక, మీ తమ్ముడు కాదని తేలితే ఎలా అని అడిగాను.

"అయితే ఇంకెవరి తమ్ముడో అయ్యుంటాడు," అన్నాడు టోపీ సర్దుకుంటూ. "వాళ్లవాళ్లు దొరికేదాకా మా అమ్మ సమాధి పక్కన చోటివ్వమని చర్చి ఫాదర్‌తో చెప్పే వచ్చాను."