మూడోసారి అడగని అవార్డు

టెస్ బోల్జర్‌కి డెబ్బై ఎనిమిదేళ్ళు. ఐర్లండ్‌లోని వెక్స్‌ఫర్డ్ జిల్లాలో, ఆడవాళ్ళు హాకీలా కర్రలతో ఆడే కమోగీ ఆటకి కర్ర పట్టిన ఆడపిల్లల్లో సగం మందికి బంతి కొట్టడం నేర్పింది ఆమే. మిగతా సగానికి నేర్పింది ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు. పొద్దున్నే ఆవుల పాలు పితకడం, మంగళవారం సాయంత్రం వానలోనైనా సరే రబ్బరు బూట్లేసుకుని మైదానం గట్టున నిలబడి పిల్లల మీద కేకలెయ్యడం. యాభై ఏళ్ళుగా ఈ రెండూ తప్ప ఆవిడ మరో సరదా ఎరగదు.

అలాంటి మనిషికి ఓ గురువారం డబ్లిన్ నుంచి ఫోనొచ్చింది. ఆటలకి జీవితం ధారపోసినవాళ్ళకి దేశం తరఫున ఏటా ఇచ్చే అవార్డు ఈసారి ఆమెకే ఇవ్వాలనుకుంటున్నారట. ఫోన్ చేసిన అమ్మాయి పేరు సాస్కియా. హాలండ్ నుంచి వచ్చి ఆ ఆఫీసులో చేరి ఆర్నెల్లయింది.

టెస్‌కి గుండె ఆగినంత పనైంది. నోరు మాత్రం అలవాటు కొద్దీ, "అబ్బే, నాకెందుకమ్మా, ఇంకెవరికైనా ఇవ్వండి," అనేసింది. ఆ పిల్ల మళ్ళీ అడిగింది. నేనేం చేశానని, వద్దులెమ్మంది టెస్. ఇక మూడోసారి అడగ్గానే 'సరే, మీరింతగా అంటుంటే' అందామని గొంతు సవరించుకుంది. మా వైపు టీ దగ్గరైనా ఇదే వరస. రెండుసార్లు వద్దనకపోతే ఆశపోతు అంటారు, మూడోసారి అడగకపోతే ఆ ఇంటిని పిసినారి కొంప అంటారు. ఈ సంగతి హాలండ్ పిల్లకి ఎవరు చెప్పారు గనక? "మీ నిర్ణయాన్ని గౌరవిస్తాం టెస్ గారూ," అని ఎంతో మర్యాదగా ఫోన్ పెట్టేసింది. టెస్ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

తరవాతి మంగళవారం మైదానంలో ఆవిడ ఎవర్నీ ఒక్క మాటా అనలేదు. పిల్లలు హడలిపోయారు. టెస్‌కి ఏదో పెద్ద జబ్బే చేసిందని బ్రైడీ ఫర్లాంగ్‌కి కబురందింది. బ్రైడీది పక్క పొలమే. ఒకప్పుడు ఒకే జట్టులో టెస్ గోల్ కాస్తుంటే ఆమె ముందు అడ్డంగా నిలబడి ఆడిన మనిషి. బుధవారం పొద్దున్నే వచ్చి, టెస్ వద్దంటున్నా చెవిన పెట్టకుండా కప్పు నిండా టీ పోసి, విషయమంతా కక్కించింది.

"నీ మొహమాటం తగలెయ్య. ఇంతకీ నీకది కావాలా, వద్దా?" అంది.

టెస్ సొరుగులోంచి పాత పేపరు ముక్క తీసింది. యాభై ఎనిమిదేళ్ళ కిందట వాళ్ళ జట్టు జిల్లా ఫైనల్ గెలిచిన మర్నాటి పేపరు. పశువుల సంత ధరల కింద ఒకే ఒక్క లైను. స్కోరు వేశారు గానీ, ఆడపిల్లల ఆటకి పేర్లెందుకనుకున్నారో ఏమో, పన్నెండు మందిలో ఒక్కరి పేరూ వెయ్యలేదు. ఇప్పుడు వాళ్ళలో ఏడుగురు లేరు.

"ఆ స్టేజీ మీద చదువుదామనుకున్నానే," అంది టెస్. "దేశమంతా చూసే టీవీలో ఒక్కసారి వాళ్ళ పేర్లు వినిపిస్తాయని."

మరి తిరిగి ఫోన్ చెయ్యమంది బ్రైడీ. చచ్చినా చెయ్యనంది టెస్. అవార్డు అడుక్కుంది అంటే ఊళ్ళో తలెత్తుకోగలదా? మా వాళ్ళు ఆవుని దొంగిలించినవాణ్ణయినా క్షమిస్తారు గానీ, నాకు పొగడ్త కావాలి అన్నవాణ్ణి క్షమించరు.

"అప్పట్లో నా పక్కనించి జారిన ప్రతి బంతీ నువ్వు ఆపావు," అంది బ్రైడీ. "ఇది నీ చేతిలోంచి జారింది. నేనాపుతా." నంబరు నొక్కి ఫోన్ టెస్ చెవికి ఆనించింది.

ఇంకొకర్ని ఎంచుకోవడానికి ఆ మధ్యాహ్నమే కూర్చోబోతున్నామంది సాస్కియా. టెస్ కళ్ళు గట్టిగా మూసుకుంది. "కావాలమ్మా. నాకే కావాలి," అంది. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అనడం అదే మొదలు.

"మరి ఆ రోజు వద్దన్నారు కదండీ?"

"రెండుసార్లేగా," అంది టెస్.

డబ్లిన్‌లో ఆ హాలు కిటకిటలాడిపోయింది. టెస్ పెళ్ళిళ్ళకీ చావులకీ తొడుక్కునే నీలం కోటులోనే స్టేజీ ఎక్కింది. ధన్యవాదాల జోలికి పోకుండా కాగితం విప్పి, ఎవరు ఎక్కడ నిలబడి ఆడారో చెబుతూ ఒక్కో పేరే చదివింది. చనిపోయినవాళ్ళు, ఉన్నవాళ్ళు అని తేడా చెప్పలేదు. చదివి కాగితం మడిచింది. చప్పట్లు మొదలవుతుండగా ముందు బల్ల దగ్గర బ్రైడీ మోకాళ్ళు పట్టుకుని లేచింది.

"ఆగండి. పదకొండే చదివింది. గోల్‌కీపర్ పేరేదీ?"

టెస్ మొహం కందిపోయింది. "అబ్బే, అదెందుకే బ్రైడీ," అంది.

"చదవ్వే," అంది బ్రైడీ.

"వద్దులే, కూర్చో."

హాల్లో ఉన్నదంతా మా వాళ్ళే కదా, ఒక్కరూ కదల్లేదు. మూడో పిలుపు కోసం చూస్తున్నారు. అది స్టేజీ పక్కనించి, తెర దగ్గర నిలబడ్డ సాస్కియా నోటి నుంచి వచ్చింది.

"టెస్ గారూ, చదవండి."

టెస్ మైకు దగ్గరికి వంగింది. "గోల్‌కీపర్," అని ఒక్క క్షణం ఆగి, "టెస్ బోల్జర్," అని చదివింది.